పింక్ అని పిలిచిన పిట్ట

(శ్రీకాకుళంలో ఒక ఆదివారం సాయంత్రం ఉపాధ్యాయులూ, పుస్తక ప్రియులూ, పిల్లలూ కలిసిన సభలో విశ్రాంత జంతుశాస్త్ర అధ్యాపకుడు ఒకరు చేసిన ప్రసంగానికి రాతరూపం)

అందరికీ నమస్కారం. ఎండ చల్లబడకముందే ఇంతమంది వచ్చారు, చాలా సంతోషం. వెనక నిలబడ్డ పిల్లలు ముందుకి వచ్చేయండి, ఇక్కడ చాప ఖాళీగా ఉంది.

రెండు నెలల కిందట మా మనవరాలి పుట్టినరోజుకి వాళ్ళ నాన్న పంజరంతో సహా ఒక జత పిట్టల్ని కొనితెచ్చాడు. ఎర్రటి ముక్కు, మగదానికి బుగ్గ మీద నారింజరంగు మచ్చ, మెడ కింద సన్నటి నల్లచారలు. జీబ్రా ఫించ్‌లు. పుట్టిల్లు ఆస్ట్రేలియా. పిల్ల పంజరం ముందు బాసింపట్టు వేసుకుని చాలాసేపు చూసింది. చూసి, "తాతా, ఫించ్ అంటే ఏటి?" అంది. నేను అలవాటు కొద్దీ కుటుంబం, ప్రజాతి అని మొదలుపెట్టాను. "అది కాదు తాతా. కాకి కావుకావుమంటాది గనక కాకి. మరి దీన్ని ఫించ్ అని ఎందుకన్నారు?" అంది.

ముప్పై మూడేళ్ళు పాఠం చెప్పాను. ఈ ప్రశ్న ఒక్క విద్యార్థీ అడగలేదు, నాకూ తట్టలేదు. ఆ రాత్రి నుంచి నిఘంటువులూ పక్షుల పుస్తకాలూ ముందేసుకుని కూర్చున్నాను. తీరా చూస్తే పిల్ల ప్రశ్నలోనే జవాబు ఉంది. కాకి ఎలా కాకి అయిందో, ఫించ్ కూడా అలాగే ఫించ్ అయింది.

యూరప్‌లో తోటల్లో, పొలం గట్ల మీద, అడవి అంచుల్లో ఎక్కడ చూసినా కనిపించే ఒక చిన్న పిట్ట ఉంది. మన ఊరపిచ్చిక అంత ఉంటుంది. మగదానికి నెత్తి మీద నీలం కలిసిన బూడిదరంగు, రొమ్ము గులాబీ ఛాయ, రెక్క మీద తెల్లటి పట్టీలు. ఇంగ్లీషులో దాన్ని ఛాఫించ్ అంటారు. అది తోటి పిట్టని పిలవాలన్నా, పిల్లి వస్తోందని హెచ్చరించాలన్నా "పింక్, పింక్" అని గట్టిగా, లోహం మీద గోరుతో మీటినట్టు అరుస్తుంది. ఆ అరుపే పేరయింది. నిఘంటుకారుల్లో ఎక్కువమంది చెప్పేది ఇదే. జర్మనులు నేటికీ ఫింక్ అంటారు. డచ్చివాళ్ళు వింక్ అంటారు. బ్రిటన్‌లోనే వేల్సువాళ్ళ భాషలో పింక్. ఇంగ్లండు పల్లెల్లో కొన్నిచోట్ల స్పింక్ అనేవారు. ఫ్రెంచివాళ్ళ పిన్సాన్, స్పెయిన్‌వాళ్ళ పిన్సోన్, ఇటలీవాళ్ళ పిన్చోనే, అన్నింట్లోనూ ఆ "పిన్" మోగుతూనే ఉంది. వీటిలో కొన్ని ఒకే తల్లిమాటకి పిల్లలు, ఇంగ్లీషు ఫించ్, జర్మన్ ఫింక్, డచ్చి వింక్ అలాంటివే. ఆ తల్లిమాటలు మాత్రం ఎవరో పెరట్లో ఆ అరుపు విని, తమ నోటికి తగ్గట్టు అన్నవే.

మరి ఫింక్ అన్నది ఇంగ్లీషులో ఫించ్ ఎలా అయింది? తెలుగు మాస్టార్లు ఇక్కడ చాలామంది ఉన్నారు, వాళ్ళకి ఇది నచ్చుతుంది. కన్నడంలో కివి, మనకి చెవి. కన్నడంలో కై, మనకి చెయ్యి. ఇకార ఎకారాల పక్కన పడ్డ క మన నోట్లో మెత్తబడి చ అయింది. సరిగ్గా అలాంటి పనే వెయ్యేళ్ళకి ముందు ఇంగ్లీషువాళ్ళ నోట్లోనూ జరిగింది. ఫింక్‌లో ఇకారం పక్కనున్న క మెత్తబడి చ అయింది. జర్మనుల దగ్గర మెత్తబడలేదు. అంతే తేడా. ఇది చదివిన రోజు నేను నిజంగా లేచి నిలబడ్డాను. పిట్ట అరుపు ఇంగ్లండుది, మార్పు మాత్రం మన చెవి, మన చెయ్యి నడిచిన దారిదే.

మనకీ ఇలాంటి పేర్లు ఉన్నాయి. కాకి సంగతి పిల్ల చెప్పనే చెప్పింది. తీతువు ఉంది. రాత్రిపూట చెరువుగట్టు మీద నుంచి తీతువు అరిస్తే పెద్దవాళ్ళు "శివ శివ" అనుకునేవారు, అపశకునమని. సంస్కృతంలో దాన్ని టిట్టిభం అన్నారు. రెండూ ఆ అరుపులోంచి పుట్టినవే. అదే పిట్ట ఇంగ్లీషువాళ్ళ చెవికి "డిడ్ హీ డూ ఇట్" అని వినిపించింది, వాడేనా చేసింది అని నిలదీస్తున్నట్టు. కోకిల ఉంది, ఇంగ్లీషు కుకూ ఉంది, లాటిన్ కుకులుస్ ఉంది. అన్నీ కూతని బట్టి పెట్టిన పేర్లే.

ఛాఫించ్ గురించి ఇంకో మాట చెప్పకుండా ముందుకు పోలేను. 1950ల్లో కేంబ్రిడ్జిలో విలియం థోర్ప్ అనే శాస్త్రవేత్త ఈ పిట్ట పిల్లల్ని పెద్దపిట్టల పాట చెవిన పడకుండా పెంచాడు. అవి పెద్దవై పాడాయి, కానీ ఆ పాట చాలా పేలవంగా, నడక తప్పినట్టుగా వచ్చింది. అంటే పాట రక్తంలో పూర్తిగా రాసిపెట్టి ఉండదు. వినాలి, నేర్చుకోవాలి. అదే కాలంలో పీటర్ మార్లర్ అనే ఆయన ఊరూరా తిరుగుతూ ఇంకోటి గమనించాడు. ఒక లోయలో ఛాఫించ్ పాటకి ఇంకో లోయలో పాటకి తేడా ఉంది. యాస అన్నమాట. మనలో ఒకడు విజయవాడ బస్టాండులో దిగి "ఏటి" అన్నాడంటే చాలు, ఏ జిల్లా మనిషో పక్కవాడికి తెలిసిపోతుంది. ఏ పిట్ట అరుపు ఫించ్ అనే మాటకి తల్లో ఆ పిట్టకీ ఊరూరికీ యాస ఉంది. మన యాస గురించి ఎవరైనా తక్కువగా మాట్లాడితే మా పిల్లలకి నేను ఈ సంగతే చెబుతుంటాను.

ఇప్పుడు ఛాఫించ్‌లో ముందున్న ఆ "ఛాఫ్" సంగతి. ఛాఫ్ అంటే ఊక, పొల్లు, పొట్టు. కళ్ళంలో ధాన్యం తూర్పార పట్టాక పక్కకి ఎగిరిపడే పొల్లు కుప్ప చుట్టూ తిరిగి, అందులో మిగిలిన గింజలు ఏరుకుంటుంది గనక ఆ పేరు. మన మాటలో చెప్పాలంటే పొల్లుపిట్ట.

మాది నాగావళి ఒడ్డున ఒక పల్లె. నా చిన్నప్పుడు సంక్రాంతికి ముందు కళ్ళంలో నూర్పులు. మా మామయ్య ముక్కాలిపీట మీద నిలబడి చేట ఎత్తి, గాలివాటం చూసి వడ్లు జారవిడిచేవాడు. గట్టిగింజ నిటారుగా కింద పడేది. పొల్లు కొంచెం అవతల, పొట్టు ఇంకా అవతల. మూడు కుప్పలు తమంతట తామే పడేవి. ఆ చివరి కుప్ప దగ్గరికి పిచ్చికలు దిగేవి, వాటితోపాటు ఇంకా చిన్న పిట్టలు గుంపుగా దిగేవి. బెల్లంరంగు వీపు, లావుపాటి పొట్టి ముక్కు, రొమ్ము నిండా చేప పొలుసుల్లాంటి గీతలు. మా అమ్మమ్మ వాటిని చోడిపిట్టలు అనేది. చోళ్ళ చేలో, అంటే రాగి చేలో, కంకి పట్టుకుని వేలాడేవి గనక. అది మా ఇంటి మాట. ఏ పుస్తకంలోనూ నేను చూడలేదు. వేల మైళ్ళ అవతల ఒక రైతు కళ్ళం దగ్గర నిలబడి పొల్లుపిట్ట అన్నాడు, ఇక్కడ మా అమ్మమ్మ చేనిగట్టు మీద నిలబడి చోడిపిట్ట అంది. వాళ్ళిద్దరూ కలుసుకుని ఉంటే భాష తెలియకపోయినా ఒకరి మాట ఒకరికి అర్థమయ్యేది.

ఆ పొల్లుపిట్టకే బల్ల ముందు కూర్చుని పేరు పెట్టిన మనిషి కూడా ఉన్నాడు. స్వీడన్ దేశపు లిన్నేయస్. 1758లో ఆయన ఛాఫించ్‌కి శాస్త్రీయ నామం పెట్టాడు, ఫ్రింజిల్లా సెలెబ్స్ అని. సెలెబ్స్ అంటే లాటిన్‌లో పెళ్ళికాని మగవాడు. బ్రహ్మచారి. ఎందుకలా అన్నాడు? చలికాలం వస్తే స్వీడన్‌లో ఆడపిట్టలు దక్షిణానికి వలసపోతాయి. మంచులో మిగిలేవన్నీ చాలావరకు మగవే. ఆయన కిటికీలోంచి చూసినప్పుడు కనిపించింది అదీ. నిజానికి వసంతంలో అవి జంట కడతాయి, గూడు కడతాయి, పిల్లల్ని లేపుతాయి. అయినా ఒక్క ఉత్తరదేశపు శీతకాలం ఆ పేరులో అలాగే గడ్డకట్టుకుపోయింది. ఇప్పుడు ఎక్కడ జంటగా కనిపించినా శాస్త్రం దృష్టిలో అది బ్రహ్మచారే. నాకు ఈ పేరు ఎంతో ఇష్టం. అందులో ఒక మనిషి, ఒక కిటికీ, ఒక ఋతువు కనిపిస్తాయి.

గోల్డ్‌ఫించ్ అని ఇంకోటి ఉంది. రెక్క మీద బంగారు పట్టీ. దాని లాటిన్ పేరు కార్డుయెలిస్, ముళ్ళపొదల గింజలు తింటుంది గనక ముళ్ళమొక్క పేరు మీద వచ్చింది. జర్మనులు కూడా ముళ్ళఫింక్ అనే అర్థం వచ్చేట్టే అంటారు. దీని గురించి ఇంతకన్నా చెప్పక్కర్లేదు.

ఇక్కడ ఒక తికమక విప్పాలి, లేకపోతే పిల్లలకి అన్యాయం చేసినవాణ్ణవుతాను. మన చేలల్లో తిరిగే ఆ చోడిపిట్ట అసలైన ఫించ్ కుటుంబానికి చెందదు. మా మనవరాలి జీబ్రా ఫించ్ కూడా చెందదు. ఇవి రెండూ వేరే కుటుంబం. ఆ కుటుంబంలో మన దేశంలో ఉండేవాటిని మునియాలు అంటారు. గింజ తినే పిట్టకి గింజ పగలగొట్టే ముక్కు కావాలి. గింజని ముక్కు అంచున ఇరికించి, కింది దవడతో నొక్కి, నాలుకతో తిప్పుతూ పొట్టు వలిచి పారేయాలి. ఆ పనికి లావుపాటి పొట్టి ముక్కే సరిపోతుంది. ఒకే పని చేసే రెండు కుటుంబాలు ఒకే పనిముట్టు తయారుచేసుకున్నాయి. ఓడలెక్కి వచ్చిన ఇంగ్లీషువాళ్ళు ఎక్కడ ఈ ముక్కు కనిపిస్తే అక్కడ తమ ఊరి ఫించ్‌ని తలుచుకున్నారు. పరాయి ఊళ్ళో మన పక్కింటాయన లాంటి మనిషి కనిపిస్తే ఆ పేరే నోట్లోకి వస్తుంది చూడండి, అలాగ.

డార్విన్ ఫించ్‌ల కథ కూడా అదే. డార్విన్ 1835లో గలపాగస్ దీవుల్లో వాటిని పట్టినప్పుడు అవన్నీ దగ్గర చుట్టాలని ఆయనకే తెలియదు. 1837లో లండన్‌లో జాన్ గూల్డ్ అనే పక్షిశాస్త్రవేత్త చూసి, ముక్కులు ఎంత వేరుగా ఉన్నా ఇవన్నీ ఒక గుంపే అన్నాడు, ఫించ్‌లు అన్నాడు. ఇప్పటి జన్యుశాస్త్రం ప్రకారం అవి దక్షిణ అమెరికాలోని టానజర్ అనే పిట్టల కుటుంబం. పేరు మాత్రం మారలేదు. పాఠ్యపుస్తకాల్లో ఉన్నదే గనక ఎక్కువ చెప్పను. ఒక్క చిన్న ముచ్చట. ఆ దీవుల్లో ఒకదాని పేరు పిన్సోన్. కొలంబస్‌తో 1492లో ఓడలు నడిపిన పిన్సోన్ అన్నదమ్ముల జ్ఞాపకంగా పెట్టారు. ఇందాక స్పెయిన్‌వాళ్ళు ఫించ్‌ని ఏమంటారని చెప్పాను? పిన్సోన్. మనలో పిట్టావారూ, గువ్వలవారూ ఉన్నట్టే అది ఇంటిపేరయింది. అసలు ఫించ్ కాని ఫించ్‌లు తిరిగే దీవుల్లో అసలు ఫించ్ పేరు మనిషి ఇంటిపేరుగా వెళ్ళి కూర్చుంది.

మునియాల దగ్గరికి తిరిగి వస్తాను, నా మనసంతా అక్కడే ఉంది.

మన దేశపు మునియాల్లో ఎర్ర మునియా ఒకటి ఉంది. వానాకాలంలో మగది కుంకుమరంగుకి మారి, ఒంటి మీద తెల్లటి చుక్కలతో మిసమిసలాడుతుంది. తడి గడ్డి దుబ్బుల్లో, రెల్లు పొదల్లో ఉంటుంది. ఇంగ్లీషులో దాని పేరు అవడవాట్. శాస్త్రీయ నామం అమండవ. వినడానికి ఏదో పాత దేవభాష మాటలా ఉంది కదా? అది అహ్మదాబాద్. గుజరాత్‌లోని అహ్మదాబాద్ నగరమే. ఈ పిట్టల్ని బుట్టల్లో నింపి అక్కడి నుంచి ఓడలెక్కించేవారు. కొనుక్కున్నవాళ్ళు ఊరి పేరే పిట్టకి పెట్టారు, అదీ సరిగా పలకకుండా. లిన్నేయస్ కూడా ఆ వంకరపోయిన పేరునే ఖాయం చేశాడు. ఎక్కడ పుట్టిందో, ఏ గడ్డిలో గూడు కడుతుందో, ఎలా పాడుతుందో ఆ పేరులో లేదు. ఏ బజారులో అమ్ముడుపోయిందో మాత్రం ఉంది.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు ఒక జాతరలో పిట్టలమ్మేవాడి దగ్గర నుంచి నాన్నని ఏడిపించి ఒక పిట్టని కొనిపించుకున్నాను. వెదురుపుల్లల పంజరంలో పాతికో ముప్పయ్యో ఉన్నాయి. కొన్ని పచ్చవి, కొన్ని ఎర్రవి, కొన్ని పసుపువి. "రంగుపిట్ట బాబూ, దేశాంతరం నుంచి వచ్చింది" అన్నాడు. నేను పచ్చదాన్ని ఎంచుకున్నాను. ఇంటికొచ్చాక అది నీళ్ళ చిప్పలో దిగి రెక్కలు కొట్టుకుంటూ స్నానం చేసింది. నీళ్ళు పచ్చబడ్డాయి. చేతిలోకి తీసుకుంటే నా వేళ్ళు పచ్చబడ్డాయి. దాని మెడ కింద పాలరంగు బయటపడింది, వీపు మట్టిరంగు బయటపడింది. తెల్లగొంతు మునియా, మా పెరటి కంచె మీద రోజూ వాలే పిట్టే. తడిసి, ఈకలు అతుక్కుపోయి, బొటనవేలంత అయిపోయి, గుప్పిట్లో గుండె టకటకా కొట్టుకుంటోంది. మూడో రోజు పొద్దున్నకి చచ్చిపోయింది. దానిమ్మ చెట్టు కింద పూడ్చాను. అరవై ఏళ్ళు కావస్తోంది, ఆ పచ్చరంగు నా గోళ్ళలోంచి ఇంకా పోలేదనిపిస్తుంది. పిల్లలూ, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది. మన దేశపు మునియాల్ని పట్టడం, అమ్మడం, పంజరంలో పెట్టడం నేరం. ఎవరైనా రంగుపిట్టలు అమ్ముతుంటే కొనకండి. జాలిపడి విడిపించడానికి కూడా కొనకండి. మీరు కొన్న పంజరం ఖాళీ అయితే వాడు మళ్ళీ వలవేస్తాడు.

బజారు పెట్టిన పేర్లు ఇంకా ఉన్నాయి. కొట్లలో బెంగాలీ ఫించ్ అని అమ్ముతారు. దానికి బెంగాల్‌తో సంబంధం లేదు. చైనా నుంచి తెచ్చిన ఒక మునియాని జపాన్‌వాళ్ళు రెండు వందల ఏళ్ళకి పైగా ఇళ్ళల్లో పెంచి పెంచి తయారుచేసిన పెంపుడు జాతి అది. వాళ్ళ భాషలో దాని పేరుకి పదిమంది అక్కచెల్లెళ్ళు అని అర్థం. పదింటిని ఒకే గూట్లో పెట్టినా కొట్లాడుకోకుండా ఒరుసుకుని పడుకుంటాయి మరి. ఈ పేరు పెట్టినవాళ్ళు పిట్టని కొని ఊరుకోలేదు, రాత్రి దీపం పట్టుకుని గూట్లోకి తొంగి చూశారు. జావా పిచ్చుక అని ఇంకో మునియా జాతి ఉంది. దాన్ని పడ్డా అనేవారు. పడ్డా అంటే మరేం లేదు, ప్యాడీ, వడ్లు. లాటిన్‌లోనూ దాని పేరుకి బియ్యం తినేది అనే అర్థం. మన రైతుకి చెబితే ఒక్క క్షణంలో బోధపడే పేరు.

కానరీ అసలైన ఫించ్. పసుపుపచ్చ కానరీ పిట్టని బొమ్మల్లో చూసే ఉంటారు. కానరీ దీవుల నుంచి వచ్చింది గనక కానరీ. ఆ దీవులకి ఆ పేరు ఎలా వచ్చింది? లాటిన్‌లో కానిస్ అంటే కుక్క. ఆ దీవిలో పెద్ద పెద్ద కుక్కలుండేవని రోమన్ రచయిత ప్లినీ రాశాడు. కుక్కల దీవి, దాని మీద దీవి పిట్ట. అంత తియ్యగా పాడే పిట్ట పేరులో కుక్క దాక్కుని ఉంది.

ఈ కానరీని బొగ్గు గనుల్లోకి తీసుకెళ్ళేవారు. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, రంగు ఉండదు. పిట్ట ఊపిరి వేగం ఎక్కువ, ఒళ్ళు చిన్నది గనక విషం మనిషికన్నా ముందు దానికి ఎక్కుతుంది. అది తూలి పడితే మనుషులు బయటికి పరుగెత్తేవారు. బ్రిటన్ గనుల్లో 1986 దాకా ఈ పద్ధతి ఉంది. ఈ ఉపాయం చెప్పినాయన జాన్ స్కాట్ హాల్డేన్. ఆయన కొడుకు జె.బి.ఎస్. హాల్డేన్, ప్రపంచ ప్రఖ్యాత జన్యుశాస్త్రవేత్త, 1957లో భారతదేశానికి వచ్చేసి ఇక్కడి పౌరుడయ్యాడు. ఆఖరి రోజులు భువనేశ్వర్‌లో గడిపి 1964 డిసెంబరు 1న పోయాడు. తన శరీరాన్ని కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకి రాసిచ్చాడు. భువనేశ్వర్ నుంచి కాకినాడకి దారి మన ఊళ్ళ మీదుగానే కదా. నేను ఆమదాలవలస స్టేషన్‌లో రైలు కోసం నిలబడ్డప్పుడల్లా ఆయన గుర్తొస్తాడు. ఫించ్‌ల కథలో ఆయన రావలసిన పని లేదు, కానీ చెప్పకుండా ఉండలేకపోయాను.

ఇప్పుడు మన తెలుగు పేర్ల దగ్గరికి.

1836లో టి.సి. జెర్డన్ అనే వైద్యుడు మద్రాసు సైన్యంలో చేరడానికి వచ్చాడు. మొదట్లోనే ఆయన్ని గంజాం వైపు పంపారు, సిపాయిలకి జ్వరాలూ విరేచనాలూ పట్టుకుంటే చూడమని. అప్పట్లో మన శ్రీకాకుళం గంజాం జిల్లాలోదే. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడ్డాకనే విడిపోయాం. ఆయన రోగుల్ని చూస్తూనే తూర్పు కనుమల పిట్టల్ని చూశాడు. తరవాత నెల్లూరులో కొంతకాలం ఉన్నాడు. 1862 నుంచి 1864 దాకా వెలువడిన ఆయన భారతదేశపు పక్షుల గ్రంథంలో చాలా పిట్టల దగ్గర స్థానిక భాషల పేర్లు రాశాడు. అందులో తెలుగు పేర్లు కుప్పలుగా ఉన్నాయి. ఏ బోయవాడో, ఏ వలగాడో చెప్పి ఉంటాడు, ఈయన రాసుకుని ఉంటాడు. మునియాలకి ఆయన రాసిన తెలుగు పేరు జీనువాయి. మా అమ్మమ్మ చోడిపిట్ట పుస్తకంలో జీనువాయి అన్నమాట. మన దగ్గరికి చలికాలంలో హిమాలయాల నుంచీ ఆపైనుంచీ వచ్చే అసలైన ఫించ్ ఒకటుంది, రోజ్‌ఫించ్. మగదాని తలా రొమ్మూ గులాబీ. దానికి ఆయన రాసిన తెలుగు పేరు వెదురుపిచ్చుక. ఎంత చక్కటి పేరు. ఎక్కడ చూడాలో పేరే చెప్పేస్తోంది.

అదే గ్రంథకర్త పేరు మీద ఉన్న ఇంకో పిట్ట సంగతి వినండి. జెర్డన్స్ కోర్సర్. 1900 తరవాత ఎవరికీ కనబడలేదు, అంతరించిపోయిందనుకున్నారు. 1986లో కడప జిల్లాలో మళ్ళీ దొరికింది. శాస్త్రవేత్తలు బొమ్మ చూపిస్తే అక్కడి జనం, ఇది మా కలివికోడి అన్నారు. కలివి పొదల్లో తిరిగే కోడి. ప్రపంచమంతా పోయిందనుకున్న పిట్ట ఎనభై ఆరేళ్ళు ఒక తెలుగు మాటలో బతికే ఉంది.

మరొకటి చెబితే పిల్లలు సంతోషిస్తారు. మన "పిట్ట" అనే మాట ఉంది కదా, ఇది ప్రపంచమంతా తిరుగుతోంది. తొమ్మిది రంగుల పొన్నంకి పిట్ట ఉంది. పొట్టి తోక, పచ్చ వీపు, పొట్ట కింద ఎరుపు. పొద్దునా సాయంత్రమూ ఈలవేసినట్టు కూస్తుంది. తమిళులు దాన్ని ఆరుగంటల పిట్ట అంటారు. ఫ్రెంచి శాస్త్రవేత్త వీయో 1816లో ఆ ప్రజాతికి పెట్టిన పేరు పిట్టా. తెలుగు పిట్టే. ఇప్పుడు ఆఫ్రికాలో, ఆస్ట్రేలియాలో, ఇండోనేషియాలో ఉన్న ఆ కుటుంబం పిట్టలన్నిటినీ పిట్టాలనే అంటారు. ఆస్ట్రేలియా అడవిలో ఒక శాస్త్రవేత్త దుర్భిణి పెట్టి చూస్తూ తన నోటుపుస్తకంలో మా అమ్మమ్మ మాట రాసుకుంటున్నాడు.

చివరగా నా కంటితో చూసింది ఒకటి చెబుతాను. పోయిన ఆశ్వయుజంలో మా ఊరు వెళ్ళాను. కళ్ళం ఇప్పుడు లేదు, యంత్రం చేలోనే కోసి చేలోనే నూరుస్తోంది. పొల్లు కుప్పా లేదు. చోళ్ళు వేసేవాళ్ళూ తగ్గిపోయారు. కానీ కాలవగట్టు మీద గడ్డి గింజ పట్టి ఉంది, తుమ్మకంప మీద చోడిపిట్టలు ఏడెనిమిది వరసగా కూర్చున్నాయి. నేను అయిదారడుగుల దూరంలో కదలకుండా కూర్చున్నాను. ఒక మగపిట్ట ఈకలు ఉబ్బించి, తల పైకెత్తి, నోరు తెరిచింది. ముక్కు ఆడుతోంది, గొంతు వణుకుతోంది, నాకు ఏమీ వినిపించలేదు. అది పాడుతోంది. మునియా పాట అంత సన్నం. పక్కనే ఉంటే తప్ప మనిషి చెవికి ఆనదు. అప్పుడు పక్కనున్న పిట్ట జరిగింది. ఇంకొంచెం జరిగింది. మెడ సాగదీసి, తన చెవి పాడేదాని ముక్కు దగ్గర పెట్టి, పాట అయ్యేదాకా అలాగే ఉండిపోయింది. అది జంటపిట్ట కానక్కరలేదు, గుంపులో ఏ పిట్టయినా అలా వస్తుంది. ఈ అలవాటు గురించి పరిశోధకులు 1950ల్లోనే రాశారు. నేను చదివి ఉన్నాను. చదవడం వేరు, చూడడం వేరు. నేను కూడా తెలియకుండానే మెడ ముందుకి చాచాను. అప్పుడు వినిపించింది. ఎక్కడో దూరంగా చిన్నపిల్ల కాలిమువ్వలు కదిలినట్టు.

ఇంక నేను చెప్పేది అయింది. ఈ నోటుపుస్తకం ఖాళీది, మీ కోసమే తెచ్చాను. పలాస, ఇచ్ఛాపురం వైపు నుంచి వచ్చినవాళ్ళున్నారు, బొబ్బిలి వాళ్ళున్నారు, సీతంపేట కొండల నుంచి సవర మాట తెలిసిన పిల్లలున్నారు. చేప పొలుసుల రొమ్ము, లావుముక్కు, గుంపుగా చేలో దిగే ఆ పిట్టని మీ ఇంట్లో పెద్దవాళ్ళు ఏమనేవారో చెప్పండి. ఊరి పేరుతో సహా రాసుకుంటాను. ఆ స్తంభం పక్కన కూర్చున్న పెద్దాయన ఇందాకటి నుంచి చెయ్యెత్తుతున్నారు. చెప్పండి బాబూ, మీదే ఊరు?